వైపర్ తిరిగితే చాలదు, నీళ్లూ రావాలి: రవాణా శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రిగారికి,

నమస్కారం. కారు ముందు అద్దం మీద నీళ్లు చిమ్మే నాజిళ్ల గురించి మంత్రికి ఉత్తరమేమిటని మీ ఆఫీసులో ఎవరైనా దీన్ని పక్కన పెట్టేస్తారేమోనని, అడగాల్సింది ముందే అడిగేస్తున్నాను. ఫిట్‌నెస్ పరీక్షకి వచ్చిన ప్రతి బండిలో వైపర్‌తో పాటు వాషర్, అంటే అద్దం కడిగే నీళ్లు కూడా చూడమని మీ ఇన్‌స్పెక్టర్లకు చెప్పండి. సొంత కార్లు పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్లే సెంటర్లలో అదే పని ఉచితంగా చేయించండి. నీళ్లు రాని బండికి చలాన్ మాత్రం వేయకండి. ఇవి ఎందుకు అడుగుతున్నానో తీరికున్నప్పుడు చదవండి.

నాది పెద్దపల్లి జిల్లాలో రాజీవ్ రహదారి పక్కన చిన్న కార్ల షెడ్డు. ఈ రోడ్డు మీద దుమ్ము ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ఏ దుమ్మని మేం ఎదురడగాలి. రామగుండం వైపు నుంచి బూడిద లారీలు, గనుల నుంచి బొగ్గు లారీలు, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ బండలు మోసే ట్రాలీలు. కోతల సీజన్ వచ్చిందంటే వీటికి తోడు రైస్ మిల్లుల ఊక, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల నూగు. పొద్దున తుడిచిన అద్దం మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

ఎండాకాలం ఎలాగో నడిచిపోతుంది. గండమంతా తొలకరి చినుకులకి. గట్టి వాన పడితే అద్దం దానంతట అదే కడుక్కుపోతుంది, రోడ్డు కూడా కడుక్కుపోతుంది. నాలుగు చినుకులు పడి ఆగిపోయిన సాయంత్రం చూడండి: ముందు పోయే లారీ టైర్లు పల్చటి బురదని పొగలా లేపి మన అద్దం మీద కొడతాయి. డ్రైవర్ స్టీరింగ్ పక్కన లివర్ లాగుతాడు. బానెట్ కింద మోటార్ గుయ్యిమంటుంది. నీళ్లు రావు. చాలా కార్లలో ఆ లివర్ లాగితే వైపర్లు కూడా వాటంతట అవే రెండు మూడు సార్లు తిరుగుతాయి. అంటే అంతవరకూ చుక్కలుగా ఉన్న బురదని వైపర్ తీసుకెళ్లి అద్దం ఈ చివర నుంచి ఆ చివర దాకా పూస్తుంది. నీళ్లొస్తాయన్న నమ్మకంతో లివర్ లాగినవాడికి అంతకుముందు కనబడిన కాస్తా కనబడకుండా పోతుంది. ఎదురుగా హెడ్‌లైట్లు ఉంటే మరీ అన్యాయం, తెల్లటి పరదా తప్ప ఇంకేమీ ఉండదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకి 22 మీటర్లు దాటుతుంది. మూడు సెకన్లు కనబడకపోతే 66 మీటర్లు. ఆ 66 మీటర్లలో మా దగ్గర ఏమేమి ఉంటాయో మీకు తెలియనిది కాదు: లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ, అడ్డం తిరిగే ఆటో, డివైడర్ సందులోంచి దాటే గేదెలు.

మరి జనం ఏం చేస్తున్నారు? సీటు పక్కన బిస్లరీ సీసా పెట్టుకుంటున్నారు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అద్దం మీద నీళ్లు కుమ్మరిస్తున్నారు, కొందరు బండి ఆపకుండానే. ప్రైవేటు ట్రావెల్స్ డ్రైవర్లు టీ కోసం ఆగినచోటల్లా బాటిల్ తీసుకుని ముందుకొచ్చి అద్దం కడుగుతుంటారు. "వాషర్ పని చేయదా అన్నా?" అని అడిగితే, "కొన్నప్పుడు చేసింది" అని ఒకాయన నవ్వాడు.

సార్, ఇందులో బాధ కలిగించేది ఏమిటంటే, ఈ రిపేరుకి తొంభై శాతం సందర్భాల్లో పైసా ఖర్చుండదని నా అనుభవం. షెడ్డుకి వచ్చినవాళ్లకి నేను ముందు చెవి పెట్టమంటాను. లివర్ లాగినప్పుడు మోటార్ చప్పుడు వినబడకపోతే ఫ్యూజో, మోటారో, స్విచ్చో చూడాలి, అది వేరే సంగతి. చప్పుడొచ్చి నీళ్లు రాకపోతే మూడే మాటలు. డబ్బాలో నీళ్లు లేవు, లేదా పైపు ఊడింది, లేదా ఎక్కడో పూడుకుపోయింది. వెనక అద్దానికి కూడా వాషరున్న చిన్న కార్లలో చాలావాటికి ఒకే డబ్బా, ఒకే మోటార్; అటు తిరిగితే ముందుకి, ఇటు తిరిగితే వెనక్కి నీళ్లు పంపుతుంది. వెనక నీళ్లొచ్చి ముందు రాలేదంటే డబ్బా, మోటార్ బాగున్నట్టే, తేడా ముందు లైనులోనే. బానెట్ ఎత్తి నాజిల్ కింద పైపు లాగి, ఇంకొకరిని లివర్ లాగమంటే మిగతాదీ తేలిపోతుంది. పైపులోంచి నీళ్లు జోరుగా వచ్చాయా, దొంగ నాజిల్‌లో ఉన్నాడు. రాలేదా, పైపులో ఉన్నాడు. బానెట్ మడత దగ్గర పైపు నలిగి ఉండొచ్చు, జాయింట్ ఊడి ఉండొచ్చు. పొలాల పక్కన రాత్రంతా ఆగే కార్లకైతే ఎలుకలు కొరికి కూడా ఉండొచ్చు.

నాజిల్ పూడుకుంటే అందరూ ముందు పిన్నీసు తీస్తారు. వాటర్ వాష్ వాళ్లు రుద్దిన పాలిష్ ఎండి రంధ్రం మూసుకుపోతే సన్నటి సూదితో పైపైన తీస్తే సరిపోతుంది. లోపల చెత్తయితే మాత్రం సూది దాన్ని ఇంకా లోపలికి నెడుతుంది. దాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపాలి. పైపు తీసేసి, బయట రంధ్రం వైపు నుంచి గాలి కొట్టాలి, అదీ మెల్లగా. పైపు తీయకుండా పంక్చర్ షాపు గాలి పూర్తి జోరుతో కొడితే లోపల జాయింట్లు ఊడిపోయి, ఉచితంగా అయ్యే పని వందల్లోకి పోతుంది. ఈ మధ్య కార్లలో సన్నటి ధారకి బదులు విసనకర్రలా తుంపర వేసే నాజిళ్లు వస్తున్నాయి. వాటిలో సూది పెట్టనే కూడదు. లోపలి ఆకారం చెడితే తుంపర పోతుంది, మళ్లీ కొత్తది వేయాల్సిందే.

ఒక కారు సంగతి చెబుతాను. నాజిళ్లు రెండూ ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూస్తే, లోపలి గొట్టం గోడకి తెల్లటి పెచ్చు, గోటితో గీకితే పొడిగా రాలింది. వాటర్ హీటర్ రాడ్డుకి పట్టేది ఇదే. బోరు నీళ్ల ఉప్పు. మా ప్రాంతంలో బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్లే వాషర్ డబ్బాలో పోస్తాం. ఎండలో నిలబెట్టిన బానెట్ మీద నాజిల్ కాలుతుంటుంది. కొసన నిలిచిన చుక్కలో నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. రోజూ ఒక చుక్క, రోజూ ఒక పొర. గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి ఆ నాజిళ్లని ఓ అరగంట నానబెట్టాను. చిన్నచిన్న బుడగలు లేచి పెచ్చు కరిగిపోయింది. కడిగి బిగించి, ధార అద్దం నడిమికి కాస్త పైన పడేలా సర్దాను. కిరాణా షాపులో నిమ్మ ఉప్పు ఖర్చు తప్ప ఆయన జేబులోంచి పోయిందేమీ లేదు. ఆయన మాత్రం కొత్త మోటార్ వేయాలని అంతకుముందే ఎవరో చెబితే డబ్బు సర్దుకుని వచ్చాడు.

రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక. డబ్బాలో బోరు నీళ్లకి బదులు ఆర్‌ఓ నీళ్లు పోసి, అందులో అద్దాల కోసమే అమ్మే వాషర్ లిక్విడ్ కొలత ప్రకారం కలిపితే చాలు. బట్టల సబ్బు పొడి, తలకి రాసుకునే షాంపూ ప్యాకెట్ వేసేవాళ్లున్నారు. నురగ ఎండి జిగురై ముందు నాజిల్‌నే మూస్తుంది. రంగు బాగుందని రేడియేటర్ కూలెంట్ పోసేవాళ్లూ ఉన్నారు, అది అద్దం మీద నూనెలా పరుచుకుంటుంది, పైగా విషం. డబ్బా మూత పోయినా కొత్తది వేయించరు, దుమ్మంతా అందులోకే. అడుగున మోటార్ మూతి దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది. అక్కడ పాచి పేరుకుంటే బంపరో, టైరు పైన ప్లాస్టిక్ తొడుగో విప్పాల్సి వస్తుంది.

పాచి అంటే గుర్తొచ్చింది. 2010లో బ్రిటన్ ఆరోగ్య పరిశోధకులు ఒక అధ్యయనంలో, వాషర్ డబ్బాలో లిక్విడ్ కలపకుండా ఉత్త నీళ్లు వాడే కార్లకీ, లెజియోనైర్స్ అనే ఒక రకం న్యుమోనియాకీ సంబంధం కనబడిందని చెప్పారు. నిలవ ఉన్న వెచ్చటి నీళ్లలో పెరిగే సూక్ష్మజీవి తుంపరతో పాటు ఊపిరిలోకి పోతుందని వాళ్ల అనుమానం. అక్కడి చలిలోనే అలా ఉంటే, మే నెలలో మా కార్ల డబ్బాల్లో నీళ్లు ఎలా కాగుతాయో చూడండి. దీని గురించి నేను భయపెట్టదలచుకోలేదు, లిక్విడ్ వేయడానికి ఇది ఇంకొక కారణం, అంతే.

ఇక మీ శాఖ పని. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 101వ నిబంధన వైపర్ గురించే ఉంది. ఫిట్‌నెస్ పరీక్షలోనూ వైపర్ చూస్తారు. నేను బండ్లు తీసుకెళ్లినప్పుడు వైపర్ తిప్పమన్నారు, తిప్పాం, సరే అన్నారు. నీళ్లు కొట్టి చూపించమని నన్ను ఎవరూ అడగలేదు. పొడి అద్దం మీద తిరిగే వైపర్‌తో ప్రయోజనం ఏముంది సార్? మా రోడ్డు మీద బూడిద పడ్డ అద్దాన్ని పొడిగా తుడిస్తే గీతలు పడతాయి. పగలు కనబడవు. రాత్రి ఎదుటి లైటు పడగానే ఆ గీతలన్నీ వెలుగుతాయి. అప్పుడిక నాజిల్ బాగుచేసినా లాభం లేదు, అద్దమే మార్చాలి.

ఫిట్‌నెస్ అయినా టాక్సీలకీ, లారీలకీ, బస్సులకే. సొంత కారు రిజిస్ట్రేషన్ అయ్యాక 15 ఏళ్ల దాకా ఏ ఇన్‌స్పెక్టరూ దాని బానెట్ వైపు చూడడు. బ్రిటన్‌లో అయితే మూడేళ్లు నిండిన కారుకి ఏటా పరీక్ష ఉంటుంది, వాషర్ నుంచి అద్దం కడగడానికి చాలినన్ని నీళ్లు రాకపోతే కారు ఫెయిల్. అక్కడున్న మన పిల్లలు పరీక్షకి ముందు డబ్బా నింపుకుని మరీ వెళతారు. అంత పెద్ద ఏర్పాటు ఇక్కడ రేపే పెట్టమనడం లేదు. కానీ బీఎస్ 4, బీఎస్ 6 (ఇవి పొగ ప్రమాణాలు) కార్లు పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఏడాదికోసారి సెంటర్‌కి వెళ్లాలి కదా. సైలెన్సర్‌లో గొట్టం పెట్టే కుర్రాడు "ఒకసారి నీళ్లు కొట్టండన్నా" అని అడగడానికి పది సెకన్లు పడుతుంది. రాకపోతే ఆ కాగితం వెనకే నాలుగు లైన్లలో ఏం చేయాలో తెలుగులో ముద్రించి ఇవ్వండి: చప్పుడు వినండి, డబ్బా చూడండి, పైపు చూడండి, నాజిల్ శుభ్రం చేయించండి.

చలాన్ వద్దని ఎందుకన్నానంటే, జరిమానా పెట్టిన రోజున ఇది రోడ్డు పక్కన బేరమైపోతుంది. బండి ఆపడం, నీళ్లు కొట్టమనడం, రాలేదనడం, ఆ తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. పైగా నాజిల్ పొద్దున పనిచేసి సాయంత్రం పూడుకోవచ్చు, దానికి డ్రైవర్‌ని దొంగని చేయడం న్యాయం కాదు. ఫిట్‌నెస్‌లో మాత్రం కరుకుగా ఉండండి. జనాన్ని ఎక్కించుకునే బండి, పది చక్రాల లారీ నీళ్లు రాకుండా సర్టిఫికెట్ పట్టుకుపోకూడదు. కొత్తగా వచ్చే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో మిషన్లు బ్రేకులు కొలుస్తాయి, పొగ కొలుస్తాయి. ఈ ఒక్కటీ మనిషి కూర్చుని లివర్ లాగి చూడాల్సిందే.

లైసెన్స్ టెస్టు గురించి కూడా ఒక మాట. ట్రాక్ మీద ఎనిమిది వేయించి, రివర్స్ చేయించి పంపుతున్నారు. బండి కదిలే ముందు వాషర్ డబ్బా మూత ఎక్కడుందో చూపించమని అడిగి చూడండి, ఎంతమంది చూపిస్తారో. డ్రైవింగ్ స్కూళ్లకి మీరు అడుగుతారని తెలిస్తే చాలు, వాళ్లే నేర్పుతారు. నా షెడ్డుకి వచ్చే చదువుకున్నవాళ్లలో వాషర్ నీళ్లని కూలెంట్ ట్యాంకులో పోసినవాళ్లున్నారు, ఇంజిన్ ఆయిల్ మూత తీసి "ఇందులోనా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఆఖరిది, బూడిద, ఇసుక లారీల మీద టార్పాలిన్. కప్పమని ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు, తాడు ఒకవైపు కట్టి రెండోవైపు వదిలేసి పోతున్నవాళ్లు పోతూనే ఉన్నారు. రోడ్డు మీద తనిఖీ చేసేటప్పుడు లారీ చుట్టూ ఒకసారి నడిచి చూడమనండి.

వీటిలో కొత్త చట్టం కావాల్సింది ఏదీ లేదని నా నమ్మకం. మీ కమిషనర్ గారి సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. అది మే నెలాఖరులోపు వస్తే తొలకరికి ముందే పని మొదలవుతుంది. పొల్యూషన్ సెంటర్ల కుర్రాళ్లకి చూపించడానికి మనిషి కావాలంటే మా జిల్లాలో నేను వస్తాను. ఆదివారం అయితే షెడ్డు మూసి వస్తాను, జీతం అక్కర్లేదు.

ఇట్లు,
రాజీవ్ రహదారి పక్కన ఒక కార్ మెకానిక్,
పెద్దపల్లి జిల్లా