కెనడా మనసు, అమెరికా కోటా

సంపాదకులకు నమస్కారం.

2026 ఆర్థిక సంవత్సరానికి శరణార్థుల కోటాను అమెరికా 7,500కు కోసేసింది, అందులోనూ సింహభాగం దక్షిణాఫ్రికా శ్వేతజాతి ఆఫ్రికానర్లకేనట. ఈ వార్త మీద మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్ద రభసే జరిగింది. కెనడాలో ఉన్నవాళ్లు ‘మా దగ్గర ఇలా ఉండదు’ అని కాలర్ ఎగరేశారు. ‘సరిహద్దు టెన్షన్ లేనివాళ్లు ఎన్ని కబుర్లైనా చెబుతారు’ అని అమెరికా వాళ్లు ఎదురు తిరిగారు. మా అబ్బాయి మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉంటాడు, అమ్మాయి కెనడాలోని విండ్సర్‌లో. ఇద్దరి ఊళ్లకూ మధ్య డెట్రాయిట్ నది, దాని మీద ఒక వంతెన. ఇటు విన్న మాటకీ అటు విన్న మాటకీ పొంతన ఉండదు. సోషల్ టీచరుగా రిటైరైనదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

2016లో విండ్సర్‌లో మా అమ్మాయి ఇరుగుపొరుగు వాళ్లంతా కలిసి ఒక సిరియా కుటుంబాన్ని స్పాన్సర్ చేశారు. చర్చి కింద హాల్లో వాళ్లు మీటింగ్ పెట్టుకుంటే నేనూ వెళ్లి ఓ మూల కూర్చున్నాను. ఏడాది అద్దెకు డబ్బు ఎలా సమకూరాలి, పళ్ల డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్లాలి, పిల్లల పాదాల సైజు తెలియకుండా మంచు బూట్లు ఎలా కొనాలి? ఇవీ అక్కడి తగవులు. బూట్ల మీదే అరగంట వాదించుకున్నారు. సిరియా వాళ్లను రానివ్వాలా వద్దా అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. కోపమంతా ప్రభుత్వం మీదే. ‘ఇల్లు అద్దెకు తీసుకుని కూర్చున్నాం, మా కుటుంబాన్ని ఇంకా పంపరేం?’ అని. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల స్పాన్సర్లు ఇలాగే రాజధాని ఒట్టావా మీద విరుచుకుపడ్డారు. శరణార్థులు ఆలస్యంగా వస్తున్నారని జనం ప్రభుత్వాన్ని తిట్టడం నేను అక్కడే చూశాను.

అది వాళ్ల రక్తంలో ఉన్న మంచితనం అనుకుంటే పొరపాటే. చట్టం పెట్టిన అలవాటు అది. 1976 నాటి వలస చట్టం మామూలు పౌరులు శరణార్థుల్ని స్పాన్సర్ చేసే వీలు కల్పించింది. అయిదుగురు కూడితే చాలు, ఒక కుటుంబాన్ని తెచ్చుకుని ఏడాదిపాటు బాధ్యత మోసే వీలుండేది. 1979-80లో వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన 60,000 మందిలో సగానికి పైగా ఇలా వచ్చినవాళ్లే. అందుకే 1986లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ, శరణార్థుల సేవకు ఇచ్చే నాన్సెన్ పతకాన్ని ఏ నాయకుడికో కాకుండా కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చింది. ఇప్పటికి 3 లక్షల పైచిలుకు మంది ఈ దారిలో వచ్చారు. తాను బూట్లు కొనిచ్చిన పిల్లవాడి గురించి ఎన్నికల సభలో ఎవరో నోరు పారేసుకుంటే, ఆ కొన్నావిడ ఊరుకుంటుందా?

ఇక నదికి ఈవల. 2015 నవంబర్‌లో పారిస్‌లో ఉగ్రదాడులు జరగగానే, అంతవరకూ శరణార్థుల్ని రమ్మన్న మిషిగన్ గవర్నర్ రిక్ స్నైడర్ సిరియా వాళ్ల విషయంలో వెనక్కి తగ్గారు. ఆయన వెనకే మరో రెండు డజన్లకు పైగా గవర్నర్లు. నిజానికి ఆపే అధికారం వాళ్లకు లేదు. 1980 చట్టం ప్రకారం ఏటా ఎంతమందిని తీసుకోవాలో అధ్యక్షుడు నిర్ణయిస్తాడు. ఒబామా చివర్లో 1,10,000, ట్రంప్ మొదటి దఫా చివరికి 15,000, బైడెన్ హయాంలో 1,25,000, 2026కు 7,500. దాంతో చర్చ ఎప్పుడూ ఆ అంకె చుట్టూ, ఆ అంకె వేసే మనిషి చుట్టూ తిరుగుతుంది. వచ్చినవాళ్లను ప్రభుత్వం తరఫున కొన్ని సంస్థలు మొదటి 90 రోజులు చూసుకుంటాయి. పక్కింటాయనకు వాళ్లతో పనే పడదు, వాళ్లు టీవీలో కనిపించే గుంపు మాత్రమే. 2018లో, అమెరికా జనాభాలో తొమ్మిదో వంతు ఉన్న కెనడా ఆ దేశం కంటే ఎక్కువ మందికి పునరావాసం ఇచ్చింది. 1980 చట్టం వచ్చాక అదే మొదటిసారి.

అయితే అమెరికాలోనూ నిర్ణయం చేతికొస్తే జనం వేరేగా మాట్లాడతారు. 2019లో ట్రంప్ ప్రభుత్వం శరణార్థుల పునరావాసానికి స్థానిక సంస్థల అనుమతి ఉండాలని మెలిక పెట్టింది. నార్త్ డకోటాలోని బర్లీ కౌంటీ వాళ్లు ఒక స్కూలు కెఫెటీరియాలో సమావేశం పెట్టారు, జనం పోటెత్తారు. చివరికి 3-2 ఓట్లతో ఏడాదికి 25 మందికి మించకుండా సరేనన్నారు. పాతిక మందికి ఇంత రాద్ధాంతమా అని నవ్వొచ్చుగానీ, ట్రంప్‌కు గట్టి పట్టున్న ఆ చోట కాదనలేదు చూడండి. 2023లో కెనడాను చూసి అమెరికా కూడా అయిదుగురు కలిసి స్పాన్సర్ చేసే పథకం పెట్టింది. 2025లో ఎత్తేశారు.

కెనడా వాళ్లకూ నాలుగు మాటలు చెప్పాలి. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు అమెరికా. ఎవర్ని తెచ్చుకోవాలో విమానం ఎక్కకముందే వాళ్లే ఎంచుకోవచ్చు. ఎంచుకోని వాళ్లు నడిచొస్తే ఏమైందో రాక్స్‌హామ్ రోడ్డు చూపించింది. న్యూయార్క్ రాష్ట్రం చివర నుంచి క్యూబెక్‌లోకి పోయే చిన్న దారి అది. అధికారిక చెక్‌పోస్టుకు వెళ్తే రెండు దేశాల మధ్య ఒప్పందం ప్రకారం అమెరికాకే వెనక్కి పంపేస్తారు కాబట్టి, జనం ట్యాక్సీల్లో దిగి ఆ దారిన సూట్‌కేసులు ఈడ్చుకుంటూ దాటేవాళ్లు. ‘ఇటు వస్తే అరెస్టు చేస్తాం’ అని పోలీసులు హెచ్చరించడం, వాళ్లు దాటడం, వీళ్లు అరెస్టు చేయడం, ఆపైన దరఖాస్తు తీసుకోవడం. అప్పుడు కెనడాలోనూ ‘క్యూ తప్పించుకొచ్చారు’ అన్న మాట మొదలైంది. అప్పటి క్యూబెక్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివారు) లెగో ఆ దారి మూసేయమని పట్టుబట్టారు. 2023 మార్చిలో బైడెన్ ఒట్టావా వచ్చినప్పుడు ఒప్పందం మార్చి ఆ దారి మూశారు. 2015లో సిరియా కుటుంబాలకు విమానాశ్రయంలో చలికోట్లు అందించిన ట్రూడోయే అప్పుడూ ప్రధాని. ఇక 2024 నవంబర్ చివర్లో, పాతవి గుట్టలు పడ్డాయని, అయిదుగురి బృందాల కొత్త దరఖాస్తులనూ ఆపేశారు.

మనవాళ్ల సంగతి. ట్రాయ్‌లో ఒక భోజనాల దగ్గర, పులిహోర పళ్లెం పట్టుకుని ఒకబ్బాయి అన్నాడు: ‘గ్రీన్‌కార్డు కోసం మేం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూస్తుంటే వీళ్లకు ఊరికే ఇస్తారా ఆంటీ?’ అతని కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ శరణార్థుల కోటా వేరు, ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల లెక్క వేరు. శరణార్థుల కోటా సున్నా అయినా అతని వరస ఒక్క అంగుళం కదలదు. శరణార్థికి ఏళ్ల తరబడి తనిఖీలుంటాయి, విమాన టికెట్టు కూడా అప్పుగానే ఇస్తారు, తిరిగి కట్టాలి.

మీ పత్రికకు ఒక మనవి. శిబిరం నుంచి ఎంపికై వచ్చే శరణార్థిని, సరిహద్దు దాటి ఆశ్రయం కోరేవాణ్ని, వీసా గడువు తీరినవాణ్ని ఒకే శీర్షిక కింద ‘వలసదారులు’ అని కలిపేయకండి. మొన్నటి వార్తలో 7,500 పక్కనే దేశం నుంచి పంపేసిన వాళ్ల సంఖ్య కూడా వేశారు. మా గ్రూపులో సగం గొడవ అక్కడే పుట్టింది.

ఇట్లు,
విశ్రాంత సోషల్ టీచర్,
రాజమహేంద్రవరం