ఇటుకల గీత మీద ఆరు కార్లు

షికాగో,
2005 జూలై 3.

ప్రియమైన మిత్రునికి,

మొన్న నేను ఫోన్ చేసినప్పుడు, ఇండియానాపొలిస్ ఫార్ములా వన్ కార్ల పందెంలో మనవాడు నరైన్ నాలుగో స్థానంలో రావడం కళ్లారా చూశావు, ఎంత అదృష్టవంతుడివి అని నువ్వు అన్నావు. దానికి ఏం చెప్పాలో తెలియక, కాలింగ్ కార్డులో నిమిషాలు అయిపోవస్తున్నాయని పెట్టేశాను. నిజానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి. ఆ రోజు జరిగింది ఫోన్లో చెబితే నీకు సగమే అర్థమవుతుందని అనిపించింది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

హాస్టల్ టీవీ గదిలో హక్కినెన్, మైకేల్ షూమాకర్‌ల పోటీ చూస్తూ, ఈ డ్రైవర్లలో మనవాడు ఒక్కడైనా ఎప్పటికైనా ఉంటాడా అని మనం వాదించుకున్న రాత్రులు నీకు గుర్తుండే ఉంటాయి. ఈ మార్చిలో మెల్‌బోర్న్‌లో కోయంబత్తూరు కుర్రవాడు నరైన్ కార్తికేయన్ జోర్డాన్ కారులో దిగి పదిహేనో స్థానంలో వచ్చినప్పుడు, ఆ జట్టు ఇండియానాపొలిస్‌కు వస్తే ఎలాగైనా చూడాలని ఆ రోజే అనుకున్నాను. జూన్ 19 ఆదివారం తెల్లవారకముందే ఆఫీసు మిత్రులు ఇద్దరితో కలిసి బయలుదేరాను. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకున్నాం. నా సంచిలో అన్నిటికంటే పైన మన జాతీయ జెండా పెట్టుకున్నాను.

అంతకుముందు శుక్రవారం ప్రాక్టీసులోనే అపశకునం మొదలైంది. పదమూడో మలుపులో మైకేల్ తమ్ముడు రాల్ఫ్ షూమాకర్ కారు ఎడమవైపు వెనక టైరు పగిలి గోడకు కొట్టుకుంది. ఆ మలుపు మామూలుది కాదు. ఇండీ 500 పందెం జరిగే అండాకారపు ట్రాక్‌లో ఒక వాలు మలుపును ఈ పందానికి కూడా వాడుకుంటారు, కాకపోతే ఎదురు దిశలో. అక్కడ కారు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో వాలును ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి బరువంతా ఎడమవైపు టైర్ల మీద పడుతుంది. పైగా ఈ ఏడాది నియమం ప్రకారం, ఎవరు ఏ స్థానంలో బయలుదేరాలో తేల్చే క్వాలిఫయింగ్‌కూ పందానికీ ఒకే జత టైర్లు వాడాలి, మధ్యలో మార్చకూడదు. పది జట్లలో ఏడింటికి టైర్లు ఇచ్చే కంపెనీ, ఆ మలుపులో వేగం తగ్గిస్తే తప్ప తమ టైర్లు పందెం పూర్తయ్యేదాకా నిలబడతాయని హామీ ఇవ్వలేమని చెప్పేసింది. మలుపుకు ముందు వేగాన్ని తగ్గించే వంకర దారి, చికేన్ అంటారు, ఒకటి కట్టమని ఆ జట్లు అడిగాయి, నియమాలు చూసే పెద్దలు కుదరదన్నారు. ఇదంతా మాకు తర్వాత పేపర్లో చదివితే తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం స్టాండ్లో కూర్చున్నవాళ్లలో చాలామందికి అరకొరగా వినపడిన మాటలే తప్ప ఇంకేమీ తెలియదు.

ఇరవై కార్లూ బయలుదేరే గడుల వరుస, అంటే గ్రిడ్, నుంచి పందానికి ముందు వేసే ఫార్మేషన్ ల్యాప్ అనే చుట్టుకు కదిలినప్పుడు ఆ శబ్దం చెవులతో కాదు, ఛాతీతో విన్నాను. అన్ని పుకార్లూ అబద్ధమయ్యాయి, పందెం జరుగుతుందని లేచి నిలబడ్డాను. చుట్టు పూర్తవుతుండగా అందరికంటే ముందు గడి అయిన పోల్ స్థానంలో ఉన్న ట్రుల్లి, గ్యారేజీల ముందుండే పిట్ లేన్‌లోకి తిరిగాడు. అతని వెనకే రైకొనెన్, బటన్, ఫిసికెల్లా, అలోన్సో, ఇలా ఒకరి వెనక ఒకరు ఆ ఏడు జట్ల పద్నాలుగు కార్లూ మా కళ్ల ముందే గ్యారేజీల్లోకి వెళ్లిపోయాయి. గ్రిడ్ మీద ఐదో గడిలో మైకేల్ షూమాకర్, ఏడో గడిలో బారికెల్లో, ఆ తర్వాత ఎంతో దూరం నల్లటి రోడ్డు, చివర్లో నాలుగు కార్లు మాత్రం మిగిలాయి. ఆ నాలుగింటిలో పంతొమ్మిదో గడిలో ఉన్న పసుపు కారు మనవాడిది. పందెం మొదలైనట్టు సిగ్నల్ లైట్లు ఆరిపోయాయి, ఆరు కార్లు వెళ్లిపోయాయి, స్టాండంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అరుపులు ఆ తర్వాతే మొదలయ్యాయి.

నా ముందు వరుసలో కొలంబియా నుంచి వచ్చిన కుటుంబం ఉంది. తండ్రి, తల్లి, తమ దేశపు డ్రైవరు మోంటోయా టోపీ పెట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్లవాడు. మోంటోయా ఎప్పుడొస్తాడని వాడు నాలుగైదు చుట్ల దాకా తండ్రిని అడుగుతూనే ఉన్నాడు. తండ్రి జవాబు చెప్పకుండా, ఒడిలో ఉన్న పెద్ద జెండాను అంచులు కలిపి నెమ్మదిగా మడతపెట్టడం చూశాను. పది చుట్లు కాకముందే వాళ్లు లేచి వెళ్లిపోయారు. అప్పటికి నీళ్ల సీసాలు, డబ్బాలు ట్రాక్ మీద పడుతున్నాయి. ఆ పని నాకు అస్సలు నచ్చలేదు, ఎందుకంటే వాటి మీదుగా వెళ్లేవాళ్లలో నరైన్ కూడా ఉన్నాడు. ఒక సీసా దొర్లుకుంటూ ట్రాక్ మధ్యకు వచ్చినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. చెవుల్లో పెట్టుకున్న ఇయర్ ప్లగ్‌లు తీసేశాను. ఒక కారు పోయాక ఇంకో కారు వచ్చేలోపు పక్కవాడు చిప్స్ పొట్లం చింపే చప్పుడు కూడా వినిపించింది.

మేము 73 చుట్లూ చూశాం. షూమాకర్ మొదట, బారికెల్లో రెండు, మోంటేరో మూడు, మనవాడు నాలుగు. దాదాపు నూరేళ్ల కిందటి ఇటుకలతో వేసిన ఆ ముగింపు గీతను పసుపు కారు దాటిన క్షణంలో ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి మొదటిసారి పాయింట్లు వచ్చాయి, ఐదు పాయింట్లు. నేను లేచి చప్పట్లు కొట్టాను. చుట్టూ అందరూ వెక్కిరిస్తూ అరుస్తుంటే నా చప్పట్లు వాళ్ల అరుపుల్లో కలిసిపోయాయి. జెండా మాత్రం సంచిలోంచి తీయలేకపోయాను. నరైన్ చేసిన తప్పేమీ లేదు. తనకిచ్చిన కారును ఒక్క పొరపాటు లేకుండా చివరిదాకా నడిపాడు, ఆ పాయింట్లు అతని కష్టార్జితమే. అయినా నాకు కావలసింది అది కాదు. ఇరవై మందిలో పోరాడి పన్నెండో స్థానంలో వచ్చి ఉంటే గొంతు పోయేదాకా అరిచేవాణ్ణి. బహుమతి వేదిక మీద షూమాకర్, బారికెల్లో షాంపేన్ సీసాలు ముట్టుకోనే లేదు. మోంటేరో ఒక్కడే సంబరపడ్డాడు, అతన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

డ్రైవర్ల మీద నాకు కోపం లేదు. టైరు పగులుతుందని తెలిసి ఆ గోడ పక్కనుంచి 73 సార్లు వెళ్లమని ఎవరినీ అడగలేం. కాని శుక్రవారం నుంచి ఆదివారం దాకా రెండు రాత్రులు గడిచాయి. లక్షమంది దాకా జనం డబ్బు పోసి, వందల మైళ్లు ప్రయాణం చేసి వచ్చారని తెలిసిన పెద్దలు ఒక్క గదిలో కూర్చుని ఒక మాట మీదికి రాలేకపోయారు. సరే, రాలేదనుకుందాం, పొద్దున్నే మాకైనా చెప్పి ఉండవలసింది. ఇరవై కార్లనూ మా ముందు తిప్పి ఆశపెట్టి లోపలికి తీసుకుపోవడం మాత్రం నేను మరిచిపోలేను. టికెట్ల డబ్బు వాపసు ఇస్తామనీ, వచ్చే ఏడాది పందానికి 20,000 టికెట్లు కొని ఈసారి వచ్చినవాళ్లకు ఇస్తామనీ ఆ టైర్ల కంపెనీ పోయిన వారం ప్రకటించింది. అది మంచి పనే, కాదనను. ఆ కొలంబియా పిల్లవాడికి ఒక టికెట్ అందితే బాగుండును.

తిరుగు ప్రయాణంలో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. పెరుగన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి వచ్చింది.

నాకో చిన్న సాయం చేసిపెట్టు. అక్కడి పేపర్లలో నరైన్ ఫొటో వచ్చి ఉంటే కత్తిరించి కవర్లో పెట్టి పంపు. ఇక్కడి పేపర్లలో నాకు కనిపించినవన్నీ ఖాళీ గ్రిడ్ ఫొటోలే, పసుపు కారు ఒక్కదాంట్లోనూ లేదు.

నీ
మిత్రుడు