కోరంటి దవాఖానా వాళ్లకు మా దండాలు

మా ఎనిమిదేళ్ల పిల్లాడు సోమవారం మళ్లీ బడికి పోయాడు. ఈ నాలుగు మాటలు రాయడానికి రెండు నెలలుగా ఆ రోజు కోసమే ఆగాను.

గొంతు నొప్పి, కొద్దిగా జ్వరం. చన్నీళ్లు తాగి ఉంటాడులే అని రెండు రోజులు పారాసిటమాల్ వేసి ఊరుకున్నాం. మూడో రోజుకు దవడల కింద మెడంతా ఉబ్బింది. జనగామలో పిల్లల డాక్టరు గారు టార్చి వేసి చూసి, నన్నూ చూడమన్నారు. గొంతు వెనకాల బూడిద రంగు పొర, పాల మీద మీగడ కట్టినట్టు. "టాన్సిల్స్ కాదండీ, కంఠసర్పిలా ఉంది, అదే డిఫ్తీరియా. ఫీజు సంగతి తర్వాత, ముందు హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు బయల్దేరండి" అన్నారు. ఆయనకు మొదటి దండం.

నల్లకుంట అనగానే కారు డ్రైవరు "కోరంటి దవాఖానకా?" అన్నాడు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో నలిగి కోరంటి అయిందట.

అక్కడ గొంతులోంచి శాంపిల్ తీశారు గానీ రిపోర్టు కోసం ఆగలేదు. ఆ రోగం విషం గుండెకో నరాలకో పట్టుకున్నాక, దానికి విరుగుడుగా ఎక్కించే సీరం దాన్ని వదిలించలేదట, రక్తంలో ఇంకా తిరుగుతున్నదాన్నే పట్టగలదట. పైగా అది గుర్రాల రక్తం నుంచి చేసే మందు, కొందరికి పడదు. అందుకని సిస్టర్ గారు ముందు వాడి ముంజేతి మీద చుక్కంత మందు ఎక్కించి, చుట్టూ బాల్ పెన్నుతో గుండ్రంగా గీశారు. "నాకు సున్నా మార్కులేశారు" అని మావాడు గొణిగాడు. ఆవిడ నవ్వి, కుర్చీ లాక్కుని ఆ సున్నానే చూస్తూ కూర్చున్నారు. నేను గడియారం వైపు, ఆవిడ చేతి వైపు. ఎర్రబడలేదు. అప్పుడు సీరం ఎక్కించారు.

తర్వాత రోజూ ఈసీజీ, యాంటీబయాటిక్స్. గుండెకు భారం అని మంచం దిగనిచ్చేవారు కాదు. డిశ్చార్జి అయ్యాక వాడు ముక్కుతో మాట్లాడటం, తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం మొదలైతే మళ్లీ పరిగెత్తాం. ఇలా జరగొచ్చని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి సగం టెన్షన్ తగ్గింది. నెమ్మదిగా అదే సర్దుకుంది. ఇక్కడ మా ఏఎన్ఎం గారు, ఆశా అక్క ఇంటిల్లిపాదికీ మాత్రలిచ్చి, వాడి క్లాసు పిల్లల టీకా కార్డులు కూడా చూశారు. వాళ్లకూ దండం.

దాచుకోకుండా చెప్పాలి. మావాడి టీకా కార్డులో, ఈ రోగం రాకుండా వేసే డీపీటీ ఒకటిన్నరేళ్లకు వేయించాక ఐదేళ్ల గడి ఖాళీ. "బడికి పోతున్నాడు, ఇంకేం టీకాలు" అన్నది నేనే. సిస్టర్ గారు ఆ గడి మీద అదే పెన్ను పెట్టి చూపించారు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఒకసారి వచ్చి పోయినా టీకా తప్పదని చెప్పి వాడికి డీపీటీ బదులు పెద్ద పిల్లలకు వేసే టీడీ వేశారు. వాడి చెల్లికి పోయిన బుధవారం ఐదేళ్లది వేయించాం.

సిస్టర్ గారూ, కంగారులో మీ పేరు అడగలేదు, మాస్కు వల్ల ముఖమూ సరిగా చూడలేదు. సున్నా మార్కుల పిల్లాడంటే మీకు గుర్తొస్తాడేమో.