ద్వీపాంతరం పంపిన వారి దస్త్రాలను ఊళ్లవారీగా తెరవాలి

సంపాదకులకు నమస్కారములు.

బ్రిటిషు కాలంలో ద్వీపాంతరవాస శిక్ష మీద అండమాన్‌కు పంపిన తెలుగువారి వివరాలకు ఊళ్లవారీగా సూచిక తయారు చేయించి, ఎవరైనా వెతుక్కునేలా తెరిచి ఉంచాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈ అవసరం ఒక్క మా కుటుంబానిదే కాదు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

1857 తిరుగుబాటును అణచిన మరుసటి ఏడాది, 1858 మార్చి 10న, మొదటి విడతగా 200 మంది ఖైదీలను పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, దించారు. హైదరాబాదు రెసిడెన్సీ (నిజాం దగ్గరి బ్రిటిషు ప్రతినిధి నివాసం) మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్ ఆ దీవుల్లోనే కన్నుమూశారు. 1879 నాటి రంప పితూరీలో పట్టుబడినవారిని, 1922–24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన కొందరిని అక్కడికే పంపారు. వారిలో గాం మల్లుదొర తిరిగివచ్చి, 1952లో లోక్‌సభ సభ్యులయ్యారు. ఈ పేర్లను మనం గౌరవంగా తలుచుకుంటున్నాం, తలుచుకోవలసిందే. అయితే ఆ దీవులకు చేరినవారిలో అత్యధికులు రాజకీయ ఖైదీలు కారు. పొలం గట్టు తగాదాలో గొడ్డలి ఎత్తినవారు, 1876–78 నాటి ధాత కరువులో ధాన్యం దోచిన గుంపులతో పాటు దొరికిపోయినవారు, అలాంటి మామూలు మనుషులే ఎక్కువ. అప్పటి శిక్షాస్మృతి ప్రకారం బందిపోటు నేరానికి కూడా యావజ్జీవ ద్వీపాంతరం విధించే వీలుండేది. ఆకలికి దోచిన బస్తా గింజలకు మనిషి జన్మంతా సముద్రానికి అవతల గడపవలసి వచ్చే వీలుండేదన్న మాట.

మా ముత్తాతగారి అన్నగారు అలా వెళ్లినవారే. ఆయన ఏం చేశారో, ఎప్పుడు పోయారో ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో ఆయన పేరు ఎత్తడమే మానేశారు. పోయిన తిథి తెలియదు కనుక తద్దినం లేదు. మహాలయ అమావాస్య నాడు మా తాతగారు వరసగా అందరికీ పిండాలు పెట్టి, చివర్లో పేరు పలకకుండా మరొకటి ఉంచేవారట. అది ఎవరికని అడిగిన పిల్లలను మా నాయనమ్మ కసిరి బయటికి పంపేసేదని మా నాన్నగారు చెప్పేవారు. ఇలాంటి మౌనం మన పల్లెల్లో ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో లెక్క తీసినవారు లేరు.

ఇప్పుడు వెతుకుదామంటే దారి ఉంది కానీ అది సామాన్యుడు నడవగలిగిన దారి కాదు. బ్రిటిషువారు ఖైదీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, నేరం, శిక్ష పడిన తేదీ, చివరికి ఒంటి మీది మచ్చలు కూడా రాసుకునేవారు. దీవులకు చేరాక నంబరు, శిక్షాస్మృతి సెక్షను, శిక్ష తేదీ చెక్కిన కొయ్యబిళ్లను మెడకు తగిలించేవారు. ఇంత పకడ్బందీగా రాసినా, అక్కడి దస్త్రాలలో చాలా భాగం 1942 మార్చిలో మొదలైన జపాను ఆక్రమణ కాలంలో నాశనమయ్యాయి. కనుక ఇటువైపు మిగిలిన కాగితాలే ఆధారం. మద్రాసు ప్రభుత్వ న్యాయశాఖ సంపుటాలు చెన్నై ఎగ్మోరులోని పురాభిలేఖాగారం (ఆర్కైవ్స్)లోను, హోంశాఖ దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాగారంలోను ఉన్నాయి. నిజాం ప్రాంతానికి సంబంధించినవి కావాలంటే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి వెళ్లాలి. కొన్ని లండన్‌లో ఉన్నాయి. జాతీయ పురాభిలేఖాగారం ‘అభిలేఖ్ పటల్’ అనే వెబ్‌సైటులో చాలా దస్త్రాలు పెట్టింది, అది మెచ్చుకోదగ్గ పని. కానీ అందులో ఇంగ్లిషులో, శాఖ పేరుతో, దస్త్రం శీర్షికతో వెతకాలి తప్ప, మా ఊరి నుంచి వెళ్లినవారెవరని అడిగితే జవాబు రాదు.

మనవాళ్ల విషయంలో చిక్కులు ఇంకా ఎక్కువ. ఆ కాగితాల్లో చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు. ఇంటిపేరు లేకుండా ఒక తాలూకాలోని వెంకన్నలలో మన వెంకన్న ఎవరో తేల్చడం ఎలా? పైగా ఒక గుమాస్తా వెంకన్న అని రాస్తే మరొకరు యెంకానా అని రాసేవారు. జిల్లాల సరిహద్దులూ మారిపోయాయి. భద్రాచలం తాలూకానే చూడండి, 1959 వరకు తూర్పుగోదావరిలో ఉండి ఖమ్మంలోకి వెళ్లింది. అందువల్ల ఈ పని ఏ ఒక్క రాష్ట్రమో చేస్తే పూర్తి కాదు.

అవతలి గట్టున ఉన్నవారి అవసరం మనకన్నా పెద్దది. నడవడిక బాగున్న ఖైదీకి కొన్నేళ్ల తర్వాత జైలు బయట బతకడానికి అనుమతి పత్రం (టికెట్టు) ఇచ్చి, భూమి సాగు చేసుకోనిచ్చేవారు, ఆడ ఖైదీలలో ఒకరిని పెళ్లాడడానికి అనుమతించేవారు. కులం, భాష, మతం కలగలిసిన ఆ కాపురాలలో పుట్టిన పిల్లల సంతతినే అక్కడ ‘లోకల్ బార్న్’ అంటారు. వారి ఇంటిభాష హిందుస్థానీ. తాత మద్రాసు వైపు వాడన్నంత వరకే తెలిసిన మనవడికి ఆ తాత కన్న ఊరి పేరు చెప్పగలిగే కాగితం మన దగ్గర ఉండి కూడా బీరువాలో పడి ఉండడం నన్ను బాధిస్తోంది. స్వాతంత్ర్యం తర్వాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వెళ్లి స్థిరపడిన మనవాళ్ల సంగతి వేరు, వారికి ఊళ్లతో రాకపోకలు ఉన్నాయి.

ఎప్పటివో నేరాలు తవ్వితే పరువు పోతుందని కొందరు అంటారు. ఆస్ట్రేలియాకు 1788 నుంచి 1868 వరకు బ్రిటన్ సుమారు 1,62,000 మంది ఖైదీలను పంపింది. అక్కడి కుటుంబాలు కూడా తరాల పాటు ఆ సంగతి దాచుకున్నాయి. ఇప్పుడు టాస్మేనియాలో ఖైదీ పేరు కొడితే అసలు రిజిస్టరు పుట ఉచితంగా తెరుచుకుంటుంది. ఆ దస్త్రాలను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అక్కడ ఇప్పుడు ఖైదీ ముత్తాతను గర్వంగా చెప్పుకునేవారే ఎక్కువ. నూటయాభై ఏళ్ల కిందటి శిక్షకు ఇప్పటి మనవళ్లు తలవంచుకోవలసిన అవసరం మనకు మాత్రం ఎందుకు? శిక్ష అనుభవించినవాడు దాన్ని అక్కడే పూర్తిగా అనుభవించాడు.

రెండు రాష్ట్రాల పురాభిలేఖ శాఖలు కలిసి, తమిళనాడుతో ఒప్పందం చేసుకుని, ముందుగా పాత గోదావరి, విశాఖపట్నం జిల్లాల తీర్పులతో మొదలుపెట్టవచ్చు. ఒకే పేరుకు ఉన్న రకరకాల స్పెల్లింగులను ఒకచోట చేర్చి, పాత తాలూకాకు ఎదురుగా ఇప్పటి మండలం పేరు రాసి, తెలుగులోను హిందీలోను సూచిక వేయాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల్లో పరిశోధన చేస్తున్న విద్యార్థులకు భృతి ఇచ్చి ఈ పని అప్పగిస్తే వారికీ ఉపయోగమే. దేశభక్తులను, దొంగలను వేరు చేయకుండా అందరి పేర్లూ ఎక్కించాలి. ఏ వర్గంలో వేయాలన్నది చదివినవారు తేల్చుకుంటారు. పెళుసుబారిన ఆ కాగితాలు ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి కనుక ఫొటోలు తీసే పనికైనా వచ్చే బడ్జెట్‌లో నిధులు కేటాయించాలని సంబంధిత మంత్రులను అభ్యర్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కాకినాడ.