పరిశోధకుణ్ని తయారుచేసి పాఠం చెప్పమంటే ఎలా?

సంపాదకుడికి,

యూనివర్సిటీల్లో సైన్స్ పాఠాలు నానాటికీ పేలవమవుతున్నాయంటూ మొన్న మీరు వేసిన కథనం నెపమంతా అధ్యాపకుల బద్ధకం మీదికి నెట్టేసింది. అసలు జబ్బు వేరే. పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ గైడ్ అడిగేది పేపర్ల గురించే, సెమినార్లలో మెప్పు ఫలితాలకే. ఉద్యోగంలో చేరగానే క్లాసు అప్పగిస్తారు. తనకు ఎలా చెప్పారో తనూ అలాగే చెబుతాడు. వేరే దారి చూపినవాళ్లెవరు?

తాను పరిశోధకుడితో పాటు టీచర్ని కూడా అని మనసా అనుకోవడానికి రెండు రోజుల వర్క్‌షాపు, చేతికో సర్టిఫికెట్ చాలవు. విద్యార్థి బుర్రలో ఏముందో కళ్లారా చూడాలి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్, అంటే విద్యార్థులు తోటివాళ్లతో వాదించుకుంటూ నేర్చుకునే పద్ధతి, అందుకు పనికొస్తుంది. క్లాసులో ఇలాంటి ప్రశ్న ఒకటి వేయాలి: పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తుకు చేరిన క్షణాన దాని త్వరణం ఎంత? ఒకటి రెండు నిమిషాలు ఎవరికి వాళ్లు ఆలోచించి ఓటు వేయాలి. వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అని పొరబడేవాళ్లు బోలెడుమంది తేలతారు. సరైన జవాబు చెప్పినవాళ్లు దాదాపు 30 నుంచి 70 శాతం ఉంటే పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి మళ్లీ ఓటు పెట్టాలి. అంతకు తగ్గితే పాఠమే మళ్లీ చెప్పాలి. మొదటి ఓటు కాగానే జవాబు చెప్పేస్తే వాదన పుట్టదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

2014లో 225 అధ్యయనాలను కలిపి చూస్తే, వట్టి లెక్చర్ క్లాసుల్లో సుమారు 34 శాతం ఫెయిలయ్యారు, విద్యార్థుల చేత పని చేయించిన క్లాసుల్లో 22 శాతం. అయినా 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో తేలిందేమిటంటే, ఇలా ఎక్కువ నేర్చుకున్న విద్యార్థులే తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. అధ్యాపకుడికి విద్యార్థులిచ్చే ఫీడ్‌బ్యాక్ మార్కులు అక్కడే పడిపోతాయి. విభాగాధిపతి (హెచ్‌ఓడీ) ఆ అంకె చూసి నిలదీస్తే కొత్త అధ్యాపకుడు మర్నాటి నుంచి పాత నోట్సే చదువుతాడు. టీచర్‌గా ఎదగాల్సిన మనిషి అక్కడితో ఆగిపోతాడు. ఇంత జరుగుతున్నా ప్రమోషన్ల ఫైల్లో బోధనకు దక్కేది గంటల లెక్క రాసే గడి ఒక్కటే. అధికారులకు ఇది ఎన్నిసార్లు చెప్పాలి?

పీహెచ్‌డీలోనే సీనియర్ పక్కన నిలబడి పాఠం చెప్పే అవకాశం ఇవ్వండి. ఒకే కోర్సును వరసగా కనీసం మూడుసార్లు చెప్పనివ్వండి, ఏటా మార్చకండి. తోటి అధ్యాపకుడు క్లాసులో కూర్చునే ముందు ఏం గమనించాలో ఇద్దరూ అనుకోవాలి, ఆ రోజే మాట్లాడుకోవాలి. గమనించింది రాసుకున్న కాగితం మాత్రం ప్రమోషన్ ఫైల్లోకి వెళ్లకూడదు.

— ఒక సైన్స్ అధ్యాపకురాలు