23 భాషల వెబ్‌సైట్: ఏడాది జమా ఖర్చుల వివరణ

చందాదారులకు, అనువాదకులకు నమస్కారం. గడిచిన పన్నెండు నెలల లెక్క ఇది. చందాలు రకరకాల కరెన్సీల్లో వస్తాయి, మారకపు రేటు రోజుకో తీరుగా ఉంటుంది. అందుకని ఈ ఏడాది వచ్చిన మొత్తాన్ని 100 పాళ్లుగా తీసుకుని, మిగతా అంకెలన్నీ ఆ కొలతలోనే ఇస్తున్నాం. అసలు మొత్తాలు, తేదీలు, రసీదులు ప్రాజెక్టు రిపాజిటరీలోని (ఫైళ్లన్నీ భద్రపరిచే చోటు) లెడ్జర్ ఫైల్లో పద్దుకు పద్దుగా ఉన్నాయి.

జమ: నెలవారీ చందాలు 58, విడి విరాళాలు 31, మన అనువాద సర్వర్‌నే వాడుకుంటున్న సోదర ప్రాజెక్టు ఇచ్చిన వాటా 11. కిందటేడు నిల్వ 27 కలిపితే 127.

ఖర్చు: సర్వర్లు 34, ఫాంట్ల పని 14, చెల్లింపుల కోత 12, స్క్రీన్ రీడర్ (తెరపై పాఠాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్) పరీక్ష 9, బ్యాకప్ 6, డొమైన్ 4, మెయిల్ 3. మొత్తం 82. నిల్వ 45.

ముందు ఆ 12 సంగతి. ఇది చందా మన ఖాతాకు చేరేలోపే పోయే డబ్బు. ప్రతి లావాదేవీకీ ఒక స్థిర రుసుము, దాని మీద శాతం, కరెన్సీ మారితే మరికొంత. శాతం ఎలాగూ తప్పదు. స్థిర రుసుమే చిన్న చందాలను తినేస్తోంది: నెలనెలా పంపితే ఏడాదికి 12 సార్లు పడుతుంది, అదే మొత్తం ఒకేసారి పంపితే ఒక్కసారే. వీలున్నవాళ్లు ఏడాది చందాకు మారితే, ఒక్క కొత్త దాత లేకుండానే మన ఖాతాకు చేరేది పెరుగుతుంది.

సర్వర్ల 34లో సింహభాగం అనువాద సర్వర్‌ది. పాఠకులు చూసే పేజీలు ముందే తయారుచేసి పెట్టిన స్టాటిక్ ఫైళ్లు, వాటికయ్యేది స్వల్పం. అనువాద సర్వర్‌పై నడిచే, అనువాదకులు పనిచేసే సాఫ్ట్‌వేర్ వెబ్‌లేట్ అలా కాదు. దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, తాత్కాలిక సమాచారం దాచే రెడిస్, ఎప్పుడూ నడుస్తుండే నేపథ్య పనులు, ప్రతి భాషకూ గిట్ చరిత్ర (ఏ మార్పు ఎప్పుడు జరిగిందన్న నమోదు) ఉంటాయి. మెమరీ తగ్గిస్తే మొదట కుంటుపడేది అనువాదకుల పనే.

ఈ 34లో 7 పాళ్లు మేం అంచనా వేయనివి, బాట్ల (పేజీలను తమంతట తామే తిరిగే ప్రోగ్రాముల) తాకిడి వల్ల వచ్చినవి. బహుభాషా సైటుకు ఈ దెబ్బ రెట్టింపుల్లో తగులుతుంది. 340 పేజీలు, 23 భాషలు, 4 వెర్షన్లు: గుణిస్తే 31,280 చిరునామాలు. ఏ పేజీల జోలికి రావద్దో చెప్పే రోబోట్స్ ఫైలును లెక్కచేయని బాట్ ఒక్కటి వచ్చినా అన్నీ తిరిగేస్తుంది. స్టాటిక్ పేజీలను, ముందే దాచిన ప్రతులను అందించే క్యాష్ కాసింది. సర్వర్‌ను కుంగదీసినవి వెబ్‌లేట్‌లోని వెతుకులాట, మార్పుల పోలిక పేజీలు, ఎందుకంటే అవి అడిగినప్పుడల్లా డేటాబేస్‌ను కదుపుతాయి. ఆ రెండింటినీ లాగిన్ వెనక్కి నెట్టాం, పాత వెర్షన్లు రెండింటిని ఆర్కైవ్‌కు పంపాం. ఇప్పుడున్న చిరునామాలు 15,640. సర్వర్ మళ్లీ పాత పరిమాణానికి వచ్చింది.

అనువాదానికి ఒక్క పాలు కూడా ఖర్చవలేదు, అదంతా స్వచ్ఛంద శ్రమ. ఆ శ్రమ వృథా అయ్యే చోటు గురించి ఇక్కడ రాయాల్సిందే, ఎందుకంటే అది లెడ్జర్‌లో కనబడదు. ఇంగ్లిష్ మూలంలో ఎవరో ఒక వాక్యం చివర మరచిపోయిన ఫుల్‌స్టాప్ పెడతారు. మూలవాక్యాలకు అనువాదాలను జతచేసే సాధనం గెట్‌టెక్స్ట్ దృష్టిలో అది వేరే వాక్యం. మూలవాక్యం, దాని అనువాదం జతలుగా ఉండే పీవో ఫైళ్లను కొత్త మూలంతో కలపగానే మిగతా 22 భాషల్లోనూ ఆ అనువాదానికి ‘ఫజ్జీ’ (మళ్లీ చూడాలి) గుర్తు పడుతుంది. ఫజ్జీ వాక్యాలను కంపైల్ చేసేటప్పుడు మామూలుగా వదిలేస్తారు కాబట్టి, చక్కగా ఉన్న అనువాదం మాయమై పేజీ మధ్యలో ఇంగ్లిష్ వాక్యం తేలుతుంది. ఒక్క చుక్క కోసం 22 మంది కూర్చుని ‘అవును, సరిగానే ఉంది’ అని నొక్కాలి.

కాబట్టి అర్థం మారని దిద్దుబాట్లకు ఈ వరస తప్పనిసరి చేశాం. వెబ్‌లేట్‌ను లాక్ చేయాలి. అందులో పెండింగ్‌లో ఉన్న అనువాదాలను కమిట్ చేసి (నమోదు చేసి) రిపాజిటరీకి పుష్ చేయాలి (పంపాలి). ఆ తర్వాతే మూలంలోనూ, అన్ని పీవో ఫైళ్ల మూలవాక్యాల్లోనూ ఒకే కమిట్‌లో స్క్రిప్టుతో దిద్దాలి. వెబ్‌లేట్ ఆ మార్పు లాగుకున్నాక లాక్ తీయాలి. పెండింగ్ పుష్ మరిచిపోతే మెర్జ్ గొడవ (రెండు మార్పులు ఢీకొనడం) వస్తుంది, దాన్ని 22 భాషల ఫైళ్లలో చేత్తో విడదీయాలి. అర్థం మారిన వాక్యానికి మాత్రం ఈ దారి వాడకూడదు. అక్కడ ఫజ్జీ పడటమే న్యాయం.

ఫాంట్లకు 14 ఎందుకని ఇద్దరు చందాదారులు అడిగారు. నోటో ఫాంట్లు ఉచితమే, ఓపెన్ ఫాంట్ లైసెన్సువి. ఖర్చయింది వాటిని వెబ్‌కు తగ్గట్టు కుదించే పనికి. ‘క్ష’ యూనికోడ్‌లో ఒక అక్షరం కాదు: క, పొల్లు, ష అని మూడు సంకేతాలు. వాటిని కలిపి చూపించే సూచనలు ఫాంట్‌లోని జీసబ్ పట్టికలో ఉంటాయి. మా పాత కుదింపు పరికరం ఆ పట్టికను తీసేసింది. ఫైలు చిన్నదైంది, తెలుగులో ఒత్తులన్నీ విడిపోయి పొల్లులతో నిలబడ్డాయి. ఇంగ్లిష్ పేజీలు మాత్రమే తిరగేసేవారికి ఇది ఏళ్ల తరబడి కనబడదు. అదే పనిలో మరో లోపం బయటపడింది: పాఠం శుభ్రంచేసే స్క్రిప్టు ‘కనబడని అక్షరాలు’ అంటూ రెండు అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్‌జాయినర్‌ను తుడిచేస్తోంది. దాంతో ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయింది, పర్షియన్ పదాలు అతుక్కుపోయాయి. ఇప్పుడు ప్రతి లిపికీ కష్టమైన పదాల పేజీ ఒకటి ఉంది. సైటు బిల్డ్ అయిన (పేజీలు తయారైన) ప్రతిసారీ దాని బొమ్మను పాత బొమ్మతో పోల్చి, తేడా ఉంటే బిల్డ్ ఆగుతుంది.

స్క్రీన్ రీడర్ పరీక్షకు వెచ్చించిన 9 ఈ ఏడాది అన్నింటికన్నా విలువైన ఖర్చు అని మా అభిప్రాయం. రోజూ వాటితోనే చదివేవారికి గౌరవ వేతనమిచ్చి చేయించాం. 6 భాషల పేజీల్లో, పాఠం ఏ భాషలో ఉందో యంత్రానికి చెప్పే భాష గుర్తు ‘ఇంగ్లిష్’ అనే ఉండిపోయింది, ఆ పాఠాన్ని యంత్రం ఇంగ్లిష్ గొంతుతో చదవబోయింది. భాషల మెనూలో ప్రతి పేరుకూ విడిగా దాని భాష గుర్తు ఉండాలన్నదీ వారు చెప్పిందే.

బ్యాకప్ మూడు ప్రతులు, ఒకటి వేరే సంస్థ దగ్గర. అనువాదాలు గిట్‌లో ఉన్నాయి కదా, ఇదెందుకు అంటే: సూచనలు, వ్యాఖ్యలు, అనువాదకుల ఖాతాలు డేటాబేస్‌లోనే ఉంటాయి. మూడు నెలలకోసారి ఖాళీ యంత్రంలోకి తిరిగి ఎక్కించి చూస్తున్నాం.

డొమైన్‌ను ముందుగానే కొన్నేళ్లకు కట్టేశాం. గడువు దాటాక రిడెంప్షన్ దశలో (పాత యజమానికి దక్కే ఆఖరి అవకాశం) విడిపించుకోవాలంటే అదనపు రుసుము తప్పదు. డొమైన్ నమోదు చేసే రిజిస్ట్రార్ దగ్గరి ఖాతాకు ఇచ్చిన మెయిల్ అదే డొమైన్‌ది కాకుండా మార్చాం. అదే డొమైన్‌దైతే, డొమైన్ ఆగినప్పుడు హెచ్చరిక కూడా అందదు. సైటుతో రాకపోకలను గుప్తంగా ఉంచే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థవి, ఖర్చు సున్నా. 2025 జూన్ నుంచి వాళ్లు గడువు హెచ్చరిక మెయిళ్లు ఆపేశారు కాబట్టి, 20 రోజులకన్నా తక్కువ మిగిలితే మోగే తనిఖీ మేమే పెట్టుకున్నాం.

నిల్వ 45లో 40 ముట్టుకోం. వచ్చే ఏడాది ఒక్క చందా రాకపోయినా సర్వర్లకు 27, బ్యాకప్‌కు 6, డొమైన్‌కు 4, మెయిల్‌కు 3 చొప్పున అది సరిపోతుంది. మిగిలిన 5 కుడి నుంచి ఎడమకు రాసే భాషల పేజీల మరమ్మతుకు కేటాయించాలని ప్రతిపాదన. యంత్రానువాద సేవకు చెల్లిద్దామన్న ప్రతిపాదనను మళ్లీ తిరస్కరించాం. అది అక్షరాల లెక్కన వసూలు చేస్తుంది, సమీక్షకులు ఇద్దరే ఉన్న భాషలో వేల వాక్యాలు గుమ్మరిస్తే సరిచూసేవారు ఉండరు.

మెయిల్ పద్దులో ఆఖరి నెల రసీదు ఇంకా అందలేదు. 3 పాళ్లలో దాని వాటా అంచనాగా వేసింది. అందగానే లెడ్జర్‌లో సరిచేసి, తేడా ఉంటే ఈ వివరణలోనే మారుస్తాం.