73వ సవరణ ఇచ్చిన కుర్చీ, టోకెన్ దగ్గర ఆగిన బిల్లు

గౌరవనీయులైన పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి,

వరంగల్ జిల్లాలోని ఒక చిన్న పంచాయతీ మాజీ సర్పంచ్ నమస్కరించి రాయునది. ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తులకు రసీదులే తప్ప జవాబు రాలేదు, అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. మేం సర్పంచ్‌లుగా ఉన్నప్పుడు చేయించిన పనులకు రావాల్సిన పాత బిల్లుల సంగతి మీకు తెలియంది కాదు.

2019లో మా ఊరు మహిళా రిజర్వేషన్‌లోకి వచ్చింది. పంచాయతీల్లో మహిళలకు సీట్లు కేటాయించిన రాజ్యాంగ 73వ సవరణే లేకపోతే నాలాంటి ఆడమనిషిని ఆ కుర్చీ దరిదాపులకు రానిచ్చేవాళ్లు కాదు. 1993 ఏప్రిల్ 24న అది అమల్లోకి వచ్చింది. దానితో వచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు గానీ, అవి పంచాయతీకి ఇవ్వడం రాష్ట్రం ఇష్టానికి వదిలేశారు. దెబ్బ అక్కడే పడింది. మా చేతికొచ్చినవి మోరీలు, వీధిలైట్లు, చెత్త ట్రాక్టరు. 1976లో 42వ సవరణతో విద్యను, అడవులను ఉమ్మడి జాబితాలో వేసి ఢిల్లీ రాష్ట్రాల హక్కులు గుంజుకుందంటారు కదా, మరి మీ దగ్గర ఆగిపోయిన మా హక్కుల మాటేమిటి?

వైకుంఠధామం, అంటే ఊరి శ్మశానవాటిక, తొందరగా కట్టమని పైనుంచి ఒకటే ఒత్తిడి. కట్టకపోతే సస్పెండ్ చేస్తామన్నారు, 2018 పంచాయతీరాజ్ చట్టంలో కలెక్టరుకు ఆ అధికారం ఉందాయె. పుస్తెలతాడు కుదువ పెట్టి, మిత్తికి తెచ్చి కట్టించాను. పని కొలతలు ఎంబీ పుస్తకంలో రాశారు, చెక్కు రాశారు, ట్రెజరీలో టోకెన్ నంబరు పడింది. అంతే, డబ్బు రాలేదు. ఊళ్లో ఎవరు పోయినా ఆ షెడ్డు కిందికే తీసుకెళ్తున్నారు, దాని రేకుల బాకీ కోసం ఐరన్ షాపాయన మా ఇంటికొస్తున్నాడు. ఫోన్ మోగితే టెన్షన్.

2024 ఫిబ్రవరిలో మా పదవీకాలం అయిపోయింది. ఐదేళ్లు నిండకముందే ఎన్నికలు జరగాలని రాజ్యాంగం 243ఈ అధికరణ చెబుతుంది. మన దగ్గర జరిగింది 2025 డిసెంబర్‌లో. రాజ్యాంగాన్ని సవరించాలంటే ఓటేసిన సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, పక్కన పెట్టడానికి ఒక్క ఓటూ అక్కర్లేదని అప్పుడే అర్థమైంది. ఆ మధ్యలో సర్పంచ్ బదులు పంచాయతీని చూసిన ప్రత్యేకాధికారిని అడిగితే 'మీ హయాంలోది' అన్నారు. కొత్త సర్పంచ్‌ను అడిగితే ఖాతా ఖాళీ అంటున్నాడు, పాపం అతనూ అబద్ధం చెప్పడం లేదు.

అమ్మా, అయ్యా అని మొక్కడమే మిగిలింది. మా బిల్లులు ఇప్పించండి. ఒక్కసారి కుదరకపోతే విడతలుగా ఇప్పించండి. మిత్తి మేమే కట్టుకుంటాం, అసలైనా ఇప్పించండి. అదీ కాదంటే ఎప్పుడిస్తారో ఒక తేదీ చెప్పండి, షాపాయనకు ఆ కాగితమే చూపిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ సర్పంచ్,
వరంగల్ జిల్లా